కొత్త క్యాపుల తూటా

మా వేరుశనగ చేను కారంపూడి అవతల, అడివి వారనే. కాయ ఊరేటప్పుడు పందులు మందగా పడేయి. ఒకరోజు పొద్దున పోయి చూస్తే మా కుక్క పొట్ట చీలి, పేగులు గట్టు మీదున్నయ్. ఆ రోజే మా ఆయన అటక మీదున్న వాళ్ల నాన్న తుపాకీ కిందికి దించాడు.

కొత్త తూటాలు దొరికేవి కావు. పేలిన ఇత్తడి గొట్టాల్లోనే మళ్లీ మందూ గుళ్లూ నింపేవాళ్లం. అడుగున క్యాపు పెట్టాలి, పప్పుబద్దంత రాగి బిళ్ల. తుపాకీ గుర్రం, అంటే మీట నొక్కితే పడే చిన్న సుత్తి, దాన్ని కొడితేనే నిప్పు పుట్టేది. ఇంట్లో రెండు రకాలున్నయ్. పాతవి పల్చన, నల్లబడ్డయ్. కొత్తవి మందంగా తళతళమంటన్నయ్.

"ఒరేయ్, దీని స్ప్రింగు నాలాగే ముసల్దయింది. పల్చనివే పెట్టు, మందపువాటిని పేల్చలేదు" అన్నాడు మా మావ.

"నెమ్మెక్కినవి నమ్ముకోమంటావా?" అని మా ఆయన ఉత్త గొట్టానికి కొత్తదొకటి పెట్టి, తుపాకీలో వేసి మీట నొక్కాడు. టప్పున పేలింది. "పేలిందిగా, ఇంకేంది?"

"ఒకటి పేలితే అన్నీ పేల్తయ్యా?" అన్నా నేను.

"ఏమే, నువ్వెప్పుడు షికారీవయ్యావు?" అని నవ్వి అన్నిటికీ కొత్తవే పెట్టాడు.

సందేళ నేను మంచె మీద, ఆయన కింద. పంది చానా దగ్గరికొచ్చాక నొక్కాడు. టక్కుమంది, అంతే. మళ్లీ గుర్రం ఎత్తేలోపే అది గుద్ది పడేసింది. కోర తొడలో దిగి పైకి చీరింది.

"దిగొద్దే, చంపుద్ది" అని అరుస్తన్నాడు. నేను అప్పటికే మంచె మీదున్న ఈటె తీసుకుని దిగా. డొక్కలో పొడిచా. ఈటె దాంట్లోనే ఉండిపోయింది, అది నా మీదికి తిరిగింది. పడినచోటి నుంచే ఆయన గుర్రం ఎత్తి మళ్లీ నొక్కాడు. రెండో దెబ్బకి అదే క్యాపు పేలింది. పంది మొహం సగం ఎగిరిపోయి, అది నా కాళ్ల కాడ పడి కొట్టుకుంటంది. రాయి తీసుకుని కొట్టా. చచ్చినాక కూడా కొట్టా.

చీర చించి తొడకి కట్టా. కట్టిన గుడ్డ కట్టినట్టే ఎర్రగా తడిసిపోతంది. తుపాకీ మోత విని పరిగెత్తుకొచ్చిన మావ బండి కట్టాడు. నరసరావుపేట ఆసుపత్రి దాకా ఆయన తల నా ఒళ్లోనే. కళ్లు మూస్తే ఇంక తెరవడేమోనని నాకు భయం. అందుకని నోటికొచ్చిందల్లా మాట్లాడతానే ఉన్నా, మా అమ్మోళ్ల గేదె సంగతి, పక్కింటోళ్ల గొడవలు, అన్నీ.

ఆసుపత్రి కాడ దించేటప్పుడు, "ఇంక ఆపవే, తల పగిలిపోతంది" అన్నాడు.

బండి చక్రం పట్టుకుని ఏడ్చేశా.