సరంగు కంట్లో లెన్సు

1998 జూన్‌లో విశాఖపట్నం సీతమ్మధారలోని ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఆప్టోమెట్రిస్టు డాక్టరు కాదు; చూపు కొలిచి, పవరు తేల్చి, లెన్సులు అమర్చే మనిషి. పైన డాక్టరమ్మగారు, ఆవిడ కింద సీనియర్ ఆప్టోమెట్రిస్టు, ఆయన కింద నేను. నలుగురిలో నాకు గొంతు పెగలదని తెలిసి, కాంటాక్టు లెన్సుల గది అప్పగించారు. అక్కడ ఒకసారికి ఒక్కరే వస్తారు కదా అని వాళ్ళ ఉద్దేశం. పగలు అనలేకపోయిన మాటలన్నీ ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకునేదాన్ని. నిరుడు ఉద్యోగం మానుకున్నాను. ఈ సంగతి ఆ డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను.

లెన్సుల కోసం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కళ్ళజోడు ఇష్టంలేని కాలేజీ పిల్లలు. స్టీలు ప్లాంటులో కొలిమిల దగ్గర పనిచేసేవాళ్ళు అడిగితే, ఆ వేడికీ దుమ్ముకీ లెన్సు వద్దని డాక్టరమ్మగారు తిప్పి పంపేవారు. ఎల్లాజీ విషయంలో మాత్రం ఆవిడే రాసిచ్చారు. 2000 వేసవి, సముద్రంలో వేట ఆపే రోజులు. ఎల్లాజీకి ముప్ఫై ఏళ్ళుంటాయి. హార్బరులో మరబోటు నడిపే సరంగు.

“హార్బరు మూతికాడ దీపం ఒకటే గదా మేడంగోరూ, నాకు రెండు అవుపిత్తన్నాయి. దేనికేసి బోటు తిప్పాలో పక్కోణ్ణి అడగతన్నాను,” అన్నాడు. వేట తెరిచేలోగా చూపు బాగుపడకపోతే చుక్కాని వేరేవాడికి ఇస్తానని బోటు యజమాని చెప్పేశాడట.

అతనికి రెండు కళ్ళకీ ఉన్నది కెరటోకోనస్. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. అది పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది. కళ్ళజోడుతో చూపు సరికాదు, గట్టి లెన్సు పెడితే కార్నియా వంకరను అది కప్పుతుంది. కెరటోమీటరుతో వంపు కొలిచి, ట్రయల్ సెట్‌లోని లెన్సులు ఒక్కొక్కటే పెట్టి, రంగు చుక్క వేసి నీలికాంతిలో చూశాను. లెన్సు ఎక్కడ ఒత్తుతోందో, ఎక్కడ వదులుగా ఉందో ఆ రంగు పరుచుకునే తీరు చెబుతుంది. నాలుగో లెన్సు కుదిరింది. ఎల్లాజీ అక్షరాల బోర్డు వదిలేసి, కిటికీలోంచి ఎదుటి మేడమీద ఆరేసిన బట్టలు లెక్కపెట్టాడు.

లెన్సు ఇచ్చేరోజు మా పద్ధతి ఒకటుంది. మనిషి తన చేతులతో మూడుసార్లు పెట్టి, మూడుసార్లు తీయాలి. ప్రతిసారీ చేతులు కడగాలి, ద్రావణంతో లెన్సు రుద్దాలి. అంతా చూశాకే కేసు షీటులో ‘శిక్షణ పూర్తి’ అని రాసి సంతకం చేయాలి. ఆ రోజు ఎల్లాజీతో అతని బోటువాళ్ళు ఇద్దరు వచ్చారు. బయట కూర్చోమని నేను అనలేకపోయాను.

“ఏటి బావా, పెద్ద సొరసేపని లాగినోడివి, ఈ రవ్వంత ముక్కకి సెయ్యి వణికిపోతందేటి?”

“నువ్వూరుకోరా. నీ కంట్లో ఎట్టుకో, తెలుత్తాది.”

“ఏడిసేవంటే ఆ అమ్మాయిగోరు మనూరంతా సెప్పీగలరు!”

వాళ్ళు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఇరవై నిమిషాలకు ఎల్లాజీ ఒకసారి పెట్టి, ఒకసారి తీశాడు. “అర్థమైందా?” అన్నాను. “అయిపోయిందండి,” అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోతే చాలనిపించింది. మూడుసార్లు చేశాడని రాసి సంతకం పెట్టాను.

వేట తెరిచిన నెలన్నరకి అతని భార్య నూకరత్నం అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. కుడికన్ను నిప్పులా ఉంది. వెలుతురు చూడలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నాలుగు రోజులుగా నొప్పి, అయినా లెన్సు తీయలేదు.

“తీసీయ్ మావా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఇంటేనా? తీసేత్తే బోటు పోద్దంట! కన్ను పోతే ఏటి సేత్తావు, బోటు ఎట్టుకుని?” అంది ఆవిడ.

డాక్టరమ్మగారు లెన్సు తీయించి, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంపులో చూశారు. కార్నియా మీద, కంటిపాపకు కాస్త పక్కగా తెల్లటి మచ్చ. సూక్ష్మక్రిములు చేరి పడిన పుండు అది. అక్కడినుంచి నమూనా గీకి పరీక్షకు పంపారు. గంటకోసారి, నిద్ర లేపి మరీ, మందు చుక్కలు వేయాలన్నారు. పుండు మధ్యకు పాకితే చూపు పోతుంది, లోతుకు దిగితే కన్నే పోతుంది అని దాచకుండా చెప్పారు. రెండో కంటి లెన్సు కూడా ఆపించారు.

లెన్సు ఎలా శుభ్రం చేస్తున్నారని నేను అడిగితే ఎల్లాజీ అన్నీ సరిగ్గానే అప్పజెప్పాడు. కానీ అతని సంచిలో ద్రావణం సీసా నాకు కనిపించింది. నెలన్నర వాడినా సగం కూడా తగ్గలేదు. పక్కన పడేసిన పాత ట్రయల్ లెన్సు ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టాను.

“సముద్రం మీద ఎలా చేస్తారో అలాగే చేసి చూపించండి,” అన్నాను.

లెన్సును నోట్లో వేసుకున్నాడు. నాలుకతో ఒకసారి తిప్పి, వేలికొసకి తీసుకుని, ఎడమకంటి వైపు ఎత్తాడు. అతని మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపాను. అంతకుముందు పేషెంటు చెయ్యి నేను అలా ఎప్పుడూ పట్టుకోలేదు.

“నోట్లో ఎందుకు పెట్టారు?”

అతనికి నా ప్రశ్నే వింతగా తోచింది. “వల బాగుసేసినప్పుడు దారం కొస నోట్లో తడిపే కదమ్మా వల అల్లే బద్దలో ఎక్కిత్తాం. మా తాత కాడనించీ అంతే. ఇది ఎండిపోయి కంట్లో గరగరలాడితే అలాగే తడిపినాను. బోటు ఊగిపోతంటే సీసా మూత ఎవుడు తీత్తాడు?”

“ఓలమ్మో, కన్ను నీ వలేటి మావా!” అని నూకరత్నం నుదురు కొట్టుకుంది.

నోటిలో ఉండే క్రిములు నోటికి హాని చేయవు. లెన్సు కింద చిన్న గీత పడిన కార్నియాకు చేస్తాయి. ఈ ముక్క అతనికి ఎవరూ చెప్పలేదు. రెండోసారి, మూడోసారి చేయించి ఉంటే, ఎక్కడో ఒకచోట ఆ చెయ్యి నోటివైపు వెళ్ళేది, నేను చూసేదాన్ని.

మధ్యాహ్నం డాక్టరమ్మగారి గదికి వెళ్ళి, శిక్షణ ఒక్కసారే ఇచ్చానని చెప్పాను. ఆవిడ కేకలు వేయలేదు. కేసు షీటు నా ముందుకు తోసి, జరిగింది జరిగినట్టు రాసి ఆ రోజు తేదీ వేయమన్నారు. రాశాను. అతనికి కూడా నన్నే చెప్పమన్నారు. చెప్పాను. ఎల్లాజీ “నానైనా అడగలేదు కదమ్మా,” అన్నాడు. వాళ్ళు మందులకు వచ్చినన్నాళ్ళూ నూకరత్నం నాతో మాట్లాడలేదు.

పుండు మానడానికి నాలుగు వారాలు పట్టింది. కన్ను దక్కింది, మచ్చ మిగిలింది. కుడికంటికి మళ్ళీ లెన్సు ఇవ్వలేదు. కొన్ని నెలల తరువాత ఎడమకంటికి మాత్రం ఇచ్చాం. ఈలోగా యజమాని చుక్కాని వేరే సరంగుకి ఇచ్చేశాడు. అదే బోటులో ఎల్లాజీ వల లాగే పనికి వెళ్ళాడు.

కన్ను ఎర్రబడినా, నొప్పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ముందు లెన్సు తీసెయ్యాలి, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇది ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. పుస్తకంలో లేనిది ఎల్లాజీ వల్ల నేర్చుకున్నాను. అర్థమైందా అంటే ఎవరైనా అయిందనే అంటారు. అందుకని ఆ తరువాత లెన్సు ఇచ్చిన ప్రతి మనిషినీ ఏం పని చేస్తారో అడిగాను. ఆ పని మధ్యలో లెన్సు ఎండితే, జారితే ఏం చేస్తారో చేసి చూపించమన్నాను. తప్పుగా చేస్తే ఆ రోజు లెన్సు ఇవ్వలేదు. వెంట వచ్చినవాళ్ళను బయట కూర్చోమన్నాను. నా సిగ్గు ఎక్కడికీ పోలేదు. సిగ్గుపడుతూనే అడిగాను.