స్టీరింగు దగ్గర మెలకువ

కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు బడికి బస్సు నడుపుతాను నేను. పొద్దున కంబదూరు వైపు పల్లెల్లో పిల్లల్ని ఎక్కించుకుని రావడం, సాయంత్రం బడి వదిలాక ఎవరి ఊళ్ళో వాళ్ళను దించి రావడం నా పని. బస్సులో నాతోపాటు ఒక ఆయమ్మ ఉంటుంది. చిన్నపిల్లల చెయ్యి పట్టుకుని ఎక్కించేదీ దించేదీ ఆమే. నాకంటే కొంచెం పెద్దది. భర్త పోయాక ఈ పనిలో చేరింది. మాట కటువు. నేను అక్కా అని పిలుస్తాను.

ఆ ఏడాది నాకు నిద్ర పట్టుకుంది. తిన్న తర్వాత అందరికీ వచ్చే కునుకులాంటిది కాదు. బడి ఆవరణలో బస్సు నీడకు నిలిపి, ఇంటినుంచి తెచ్చుకున్న సంగటి, ఊరిబిండి పచ్చడి తిని చెయ్యి కడుక్కునేసరికి మొదలయ్యేది. తడిపిన గోనెపట్టా ఎవరో తలమీద వేసినట్టుండేది. కాసేపు పడుకుని లేచినా వదిలేది కాదు. పిల్లలు ఎక్కి, బస్సు ఊరు దాటి, ఎండిపోయిన వంక మీది వంతెన కూడా దాటాక రోడ్డు ఒక్క మలుపు లేకుండా సాగిపోతుంది. రెండు పక్కలా శెనక్కాయ చేలు, దూరంగా గుట్టల మీద గాలిమరలు, కిటికీలోంచి కొట్టే వేడిగాలి. అక్కడికి రాగానే నిద్ర నా మీద పడేది. లవంగం కొరికేవాణ్ణి. తొడ గిల్లుకునేవాణ్ణి. సీసాలో నీళ్ళు మొహాన కొట్టుకునేవాణ్ణి. ఎండకు తట్టుకోలేక అలా చేస్తున్నానని పిల్లలు అనుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం ఆ రోడ్డు మీద ఆయమ్మ కేక పెట్టింది. ముందు ఆ కేక విన్నాను. నేను గొర్రెల్ని చూసింది ఆ తర్వాతే. బస్సు ఎడమ చక్రం తారు దిగి గులకరాళ్ళ మీద పరుగెడుతోంది. ఎదురుగా మంద. బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. బస్సు మందకు బారెడు దూరంలో ఆగింది. పిల్లలు ముందుకు తూలి, ఏదో ఆట అనుకుని నవ్వారు. గొర్రెల కాపరి కట్టె ఎత్తి నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లు వినబడుతున్నాయి గానీ ఒక్కటీ తలకెక్కడం లేదు.

ఆయమ్మ పిల్లలందరూ దిగేదాకా ఆగింది. చివరి ఊళ్ళో చివరి పాపను దించి, ఖాళీ బస్సులో నా వెనక సీటుకొచ్చి కూర్చుంది.

"నిద్ర పోయినావు కదప్పా?"

"ల్యాక్కా. గొర్రెలు అడ్డమొచ్చినాయి."

"అవి అంత దూరం నుంచే కనపడతాండె. నేను చూసినా. నీ తల వాలిపోయింది." సీటు మీంచి ముందుకు వంగింది. "రేపే డాక్టరు దగ్గరికి పో. పోకుంటే బడిలో నేనే చెప్తా."

"చెప్తే నా పని పోతాదక్కా."

"పని పోతే పోనీ. పిల్లోళ్ళకు ఏమన్నా అయితే?"

మర్నాడు పొద్దున్నే సెలవు చెప్పి, ఊళ్ళోనే ఉన్న ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాను.

ఆమె రక్తం తీయించింది, గుండె పరీక్ష చేయించింది, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసింది. చక్కెర జబ్బని చెప్పింది. మా నాయనకూ ఇదే ఉండేది. చివరి రోజుల్లో ఆయన కాలి వేళ్ళు తీసేశారు. ఆమె మాట్లాడుతుంటే నేను చెప్పుల్లోని నా వేళ్ళవైపే చూస్తూ కూర్చున్నాను.

"తిన్న తర్వాత మీకు వచ్చే మత్తు చాలావరకు దీనివల్లే కావచ్చు," అంది డాక్టరమ్మ. "మాత్ర ఇస్తాను. తిండి కూడా మార్చి చూద్దాం. అన్నం, సంగటి, రొట్టె, బొరుగులు, చక్కెర, బెల్లం అన్నీ ఆపాలి. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, వంకాయ, వెన్న, నూనె తినాలి. దీన్ని కీటో డైట్ అంటారు. అందరికీ పడదు. మీరు నా కళ్ళముందు ఉంటానంటేనే మొదలుపెడదాం. ఒళ్ళు అలవాటు పడేదాకా తలనొప్పి, నీరసం ఉంటాయి. నేను చెప్పేదాకా బస్సు ఎక్కొద్దు."

చివరి మాట విన్నాక మిగతావన్నీ చిన్నవిగా అనిపించాయి. బడిలో ఒంట్లో బాగాలేదని చెప్పాను. నా బదులు ఎవరో కుర్ర డ్రైవరును పెట్టారు. అతను చురుగ్గా ఉంటాడని, పాటలు పెడతాడని పిల్లలు సంబరపడుతున్నారని విన్నాను. నేను తిరిగి వచ్చేసరికి ఆ సీటు నాకు ఉంటుందా అన్న దిగులు మొదలైంది.

ఇంట్లో నా భార్య డాక్టరు చెప్పిన మాటలు విని నోరు తెరిచింది. "సంగటి ల్యాకుండా మనిషి ఎట్ల బతుకుతాడప్పా? కూలికి పోయేటోళ్ళు నూనె తాగి పోతారా?" అంది. అయినా చేసింది. పొద్దున బొరుగుల ఉగ్గానికి బదులు వెన్నలో వేయించిన గుడ్లు. మధ్యాహ్నం మాంసమో, నూనె తేలే వంకాయ కూరో, ఒట్టి కూరే గిన్నెలో. పక్కన ముద్ద లేని కూర ఎలా తినాలో మొదట్లో నా చేతికి తెలియలేదు. వేళ్ళు ముద్ద కోసం పళ్ళెం అంచున వెతికేవి. దీనికి ఆమె నూనె పత్తెం అని పేరు పెట్టింది. నా ఎదురుగా సంగటి తినడానికి మనసొప్పక వంటింట్లో గోడకు తిరిగి కూర్చుని తినేది.

ఆ మొదటి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. కణతల దగ్గర ఎవరో బిరడా బిగిస్తున్నట్టు నొప్పి. పిక్కలు పట్టేసేవి. గుమ్మం రెండు మెట్లు ఎక్కి, గోడ పట్టుకుని నిలబడేవాణ్ణి. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఉప్పు తగ్గకుండా చూసుకోమంది. మేక కాళ్ళ చారు ఉప్పు వేసి తాగమంది. తాగితే కాస్త తేరుకునేవాణ్ణి. అరుగు మీద కూర్చుని రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తూ, నా బలం ఇంతేనా, మిగిలింది ఇదేనా అనుకునేవాణ్ణి. అప్పుడే మా బామ్మర్ది వచ్చాడు. నా గిన్నె చూసి, "ఏమప్పా బావా, ఇంత నూనె పోసుకుంటే గుండె పట్టేయదా? పోయి పోయి ఇట్లాంటి డాక్టరు యాడ దొరికింది నీకు?" అన్నాడు. ఆరోజు నుంచి నాకు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. గుండె కొట్టుకుంటుంటే వేగంగా కొట్టుకుంటోందని భయం. నెమ్మదిగా కొట్టుకుంటే ఆగిపోతుందేమోనని భయం.

తలనొప్పి ఎప్పుడు పోయిందో నాకు గుర్తులేదు. ఒకరోజు అది లేదని తెలిసింది, అంతే. డాక్టరమ్మ మళ్ళీ రక్తం చూసి, చక్కెర తగ్గుముఖం పట్టిందని చెప్పి, బస్సు నడపవచ్చంది. కుర్ర డ్రైవరును ఇంకో దారికి వేసి నా బస్సు నాకిచ్చారు. ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసి, "చిక్కినావే," అని మాత్రం అంది.

మళ్ళీ ఎక్కిన కొద్ది రోజులకే ఆ సాయంత్రం వచ్చింది. పిల్లలందర్నీ దించేశాం. చివరి ఊరి చివర బస్సు తిప్పి నిలిపాను. ఆయమ్మ సీట్ల కింద పడిపోయిన నీళ్ళ సీసాలు ఏరుతోంది. తాళం చెవి తిప్పబోతూ ఉన్నట్టుండి నాకో సంగతి తోచింది. వంక మీది వంతెన ఎప్పుడు దాటామో నాకు గుర్తు లేదు. ఆ తిన్నని రోడ్డు గుర్తు లేదు. ఊరు వదిలింది గుర్తుంది, పిల్లల్ని దించింది గుర్తుంది, నడుమ రోడ్డు లేదు. తాళం చెవి వదిలేశాను.

"అక్కా," అన్నాను. "నేను నిద్ర పోయినానా?"

ఆమె సీసాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఏం మాట్లాడతాండావప్పా?"

"వంక దాటింది నాకు తెలీదు. రోడ్డు తెలీదు. నిజం చెప్పక్కా."

"టమాటా లారీ వాడు పక్కకు జరగలేదని కిటికీలోంచి తల పెట్టి తిట్టినావు. మూడో తరగతి పాపను చెయ్యి లోపల పెట్టుకోమంటివి. వంక దాటినాక ఈల వేస్తాంటివి. నువ్వు ఈల వేయడం నేనెప్పుడూ చూళ్ళా." ఆమె నా మొహంలోకి చూసింది. "నీకు ఏమైందిప్పుడు?"

ఏమైందో ఆరోజు నాకు తెలియలేదు. తర్వాత నెమ్మదిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ ఆ రోడ్డంటే నాకు గుర్తున్నది నిద్రతో పెనుగులాడటమే. లవంగం కారం, గిల్లిన తొడ మంట, కళ్ళల్లో నీళ్ళు. అదంతా లేకపోయేసరికి రోడ్డు మామూలు రోడ్డులా గడిచిపోయింది. మామూలుగా గడిచిన దారి ఎవరికి గుర్తుంటుంది? కానీ ఆ మామూలుతనం నాకు అలవాటు లేదు. అందుకే అది నన్ను గొర్రెల మంద కంటే ఎక్కువ భయపెట్టింది.

ఆ తర్వాత బలం పెరుగుతూ వచ్చింది. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, మళ్ళీ పడుకోవాలనిపించేది కాదు. ఇంటి వెనక పడిపోయిన ప్రహరీ రాళ్ళు మళ్ళీ పేర్చాను. గొర్రె పిల్లల కొట్టానికి కొత్త తడిక కట్టాను. బస్సు సీట్ల సందుల్లో ఇరుక్కున్న శెనక్కాయ పొట్టు అంతా పుల్లతో తీసి కడిగాను. ఇంకొకరైతే సంతోషించేవాళ్ళేమో. నేను ప్రతి పనికీ ముందు ఆగి, ఇది నిజమైన బలమేనా, నన్నేదో మోసం చేస్తోందా అని నన్ను నేనే అడిగేవాణ్ణి. నా భార్యది ఇంకో భయం.

"ఒకచోట కూర్చో సామీ," అంది ఒక పొద్దున, నా చేతిలోంచి పార లాక్కుని. "నిన్ను చూస్తాంటే నాకు భయమైతాండాది. మా అవ్వ మంచంలో నుంచి లేవనిది, ఒకదినం లేచి వాకిలంతా చిమ్మింది. మర్సనాడు పోయింది."

ఆ మాట అనేసి తనే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నేను నవ్వి, పార మళ్ళీ తీసుకున్నాను. కానీ ఆ రోజంతా ఆ వాకిలి చిమ్మిన అవ్వే నా కళ్ళముందు తిరిగింది. ఆగలేక సాయంత్రం డాక్టరమ్మను అడిగేశాను. ఆమె ఎగతాళి చేయలేదు. "ఈ బలం బయటినుంచి వచ్చింది కాదు," అంది. "చక్కెర అదుపులోకి వచ్చింది, ఒళ్ళు కొత్త తిండికి అలవాటు పడింది. అయితే చక్కెర మరీ పడిపోకుండా మాత్ర తగ్గించాలి. చెమటలు పట్టినా, చేతులు వణికినా, కళ్ళు మూతలు పడుతున్నా బస్సు ఆపేయండి. ఎక్కడున్నా సరే, ఆపేయండి." ధైర్యం కోసం పోయి, కొత్తగా భయపడాల్సినవి తెలుసుకుని వచ్చాను.

మా చెల్లెల్ని నల్లమాడ దగ్గర ఇచ్చాం. వాళ్ళ ఊళ్ళో దేవర జాతరకు నేనూ నా భార్యా పోయాం. చెల్లెలు పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే కూర్చుని బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. నేను వద్దంటే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఒగటి తింటే ఏమైతాది అన్నా? చూడు, ఎంత బాగుండావు. రోగం మనిషి మాదిరుండావా నువ్వు?" అంది. బాగున్నాను నిజమే. ఇంత బలం ఉన్నవాడికి ఒక ఓళిగ ఏం చేస్తుందనిపించింది. నెయ్యి వేసుకుని తిన్నాను. ఇంకొకటి తిన్నాను. తర్వాత అన్నం కూడా కలుపుకున్నాను. నా భార్య పక్కనుంచి మోచేత్తో పొడుస్తూనే ఉంది. వచ్చేటప్పుడు చెల్లెలు డబ్బా నిండా కట్టిచ్చింది. మర్నాడు మధ్యాహ్నం బడి దగ్గర ఆ డబ్బా విప్పాను.

సాయంత్రం వంతెన దాటాక, గాలిమరలు కనిపించే చోట, ఆ తడి గోనెపట్టా మళ్ళీ నా తలమీద పడింది. మొదట నమ్మలేదు. కళ్ళు పెద్దవి చేసి చూశాను. రోడ్డు నడుమ తెల్లగీత రెండుగా చీలి మళ్ళీ కలుస్తోంది. వెనక పిల్లలు ఏవో ఎక్కాలు అప్పజెప్పుకుంటున్నారు. ఇంకో పది నిమిషాలు లాగితే మొదటి ఊరు వస్తుంది. ఇదివరకు లాగలేదా అనుకున్నాను. అంతలో ఆ గొర్రెల మంద కళ్ళముందు మెదిలింది. బస్సు పక్కకు తీసి, ఆపి, తాళం చెవి పీకి ఆయమ్మ చేతికిచ్చాను.

"నిద్ర వస్తాండాదక్కా," అన్నాను, పిల్లలందరికీ వినబడేట్టు. "నేను నడపను. బడికి ఫోన్ చెయ్యి."

ఆమె నన్ను తిట్టలేదు. తాళం చెవి కొంగుకు ముడివేసుకుని ఫోన్ తీసింది. తర్వాత పిల్లల్ని దించి రోడ్డుకు దూరంగా కానుగచెట్టు కింద వరసగా కూర్చోబెట్టింది. ఇంకో డ్రైవరు వచ్చేలోపు తల్లిదండ్రుల ఫోన్లు మొదలయ్యాయి. బస్సు ఎందుకాగింది, ఏమైంది, ఎవరికేమైంది. ఆమె ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పింది. "డ్రైవరుకు ఒంట్లో బాగల్యా. ఆయప్పే ఆపినాడు. పిల్లోళ్ళంతా ఈడనే, నా కండ్ల ముందరుండారు."

మర్నాడు బడి యజమాని నన్ను పిలిచి, అంతా విన్నాడు. చక్కెర జబ్బు, నూనె పత్తెం, ఓళిగలు, నేను ఏదీ దాచలేదు. గొర్రెల సంగతి కూడా చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టాడు. "డాక్టరు సరేనని రాసిచ్చేదాకా బస్సు ఎక్కొద్దు. ఎక్కినాక కూడా మళ్ళీ మళ్ళీ చూపించుకుంటాండాల," అన్నాడు చివరికి. "ఆపినావు కాబట్టి ఉంచుకుంటాండా."

కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాను. మళ్ళీ పత్తెంలో పడ్డాను. ఈసారి తలనొప్పి అంతగా బాధించలేదు. బలం కూడా తిరిగి వచ్చింది. డాక్టరమ్మ సరేనని రాసిచ్చాక బస్సు ఎక్కాను. పొద్దున లేస్తే కాళ్ళు తేలికగా ఉంటాయి, సాయంత్రం రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంది. అయినా స్టీరింగు ముందు కూర్చున్న ప్రతిసారీ ఒకసారి నాలోకి నేను చూసుకుంటాను, ఎక్కడైనా మత్తు దాగి ఉందేమోనని.

అలా చూసేది నేనొక్కణ్ణే కాదు. ఒక ఊళ్ళో ఒక పాప తండ్రి ఇదివరకు ఎప్పుడూ బస్సు దగ్గరికి వచ్చేవాడు కాదు. ఇప్పుడు రోజూ పాపను ఎక్కించి, అటునుంచి చుట్టి వచ్చి, నా కిటికీ దగ్గర నిలబడతాడు.

"అన్నా, బాగుండావా?" అంటాడు, నా కళ్ళల్లోకి సూటిగా చూస్తూ.

"బాగుండానప్పా," అంటాను.

ఆయన ఇంకో క్షణం చూసి, సరేనని తలాడించి, బస్సు రేకు మీద చేత్తో తడతాడు. అప్పుడు బస్సు కదిలిస్తాను.