సగం విడిన జడ

చిట్టమూరు మీదుగా సముద్రం వైపు వెళ్ళదలచిన వారు తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. ఎండెక్కితే ఆ దారిలో నిలబడటానికి నీడ ఉండదు. శ్రీరామనవమికి ముందురోజు నేనూ మా తమ్ముడు సుబ్బరామయ్యా బుచ్చిరెడ్డిపాలెంలో ఐదున్నర బస్సెక్కాం. వాడి చంకలో గుడ్డ సంచి, అందులో రెండు కోలలు ఉన్నాయి. పండగ చూడటానికి వెళుతున్నామని కండక్టరుతో చెప్పాను గానీ, మేము వెళుతున్నది వాడి భార్య రమణమ్మను తెచ్చుకోవడానికి.

రెండేళ్ళ కిందట తమ్ముడికి నిద్ర పట్టకుండా పోయింది. తనలో తాను మాట్లాడుకునేవాడు. ఒకరోజు నాటిన నారంతా పీకి గట్టున పేర్చాడు. మద్రాసు తీసుకుపోయి పిచ్చాసుపత్రిలో చేర్చాను. అక్కడ కుదురుకుని ఇంటికి వచ్చాడు. రోజూ మాత్రలు వేసుకుంటే చాలన్నారు డాక్టర్లు. ఊరివాళ్ళు మాత్రం చాలదన్నారు. కాఫీ కొట్లో వాడికొక గ్లాసు విడిగా పెట్టారు. వాడు వీధిలో నడిస్తే తల్లులు పిల్లల్ని లోపలికి పిలుచుకునేవారు. రమణమ్మ అప్పటికే పుట్టింట్లో ఉంది.

వాళ్ళ నాన్న చెంచయ్య గారు చెడ్డమనిషి కాదు. కూతుర్ని పంపాలనే ఉంది ఆయనకు, కానీ ఊరి నోటికి జడిశారు. ఉపాయం చెప్పిందీ ఆయనే. నవమినాడు వాళ్ళ ఊళ్ళో జడకోలాటం వేస్తారు. పందిట్లో రాటకు పైన చక్రం బిగించి, దానికి రంగుతాళ్ళు కడతారు. ఒక్కొక్కరు ఒక్కో తాడు ఎడమచేత పట్టుకుని, కుడిచేతి కోలతో ఎదుటివాడి కోలను కొడుతూ, ఒకరి లోపలినుంచీ మరొకరి వెలుపలినుంచీ తిరుగుతారు. పాట నడిచేకొద్దీ తాళ్ళు జడగా అల్లుకుంటాయి. తర్వాత అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతాయి. ఒక్కడు తాడు వదిలినా జడ ఇక విడదు. బుద్ధి నిలకడ లేనివాడు ఆ ఆట ఆడలేడని అందరికీ తెలుసు. అల్లుడు నలుగురితో కలిసి అల్లి, విప్పి చూపిస్తే ఊరు నోరు మూసుకుంటుందని ఆయన లెక్క. పైగా ఆ ఊరికి కోలాటం నేర్పింది మా తమ్ముడే. నేర్పడానికి వెళ్ళినప్పుడే రమణమ్మ సంబంధం కుదిరింది.

కోవూరు దాటి, పెన్న వంతెన మీదుగా నెల్లూరు చేరేసరికి ఏడయింది. స్టేషను బయట ఇడ్లీ తిన్నాం. సాంబారు నీళ్ళలా ఉంది, ఆ హోటలు పేరు చెప్పి ఇంకొకరి కడుపు పాడుచేయను. మద్రాసు పోయే ప్యాసెంజరు అలవాటు ప్రకారం ఆలస్యంగా వచ్చింది. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది. తమ్ముడి వేళ్ళు ఎప్పుడూ ఊరుకోవు. బల్ల దొరికితే బల్ల మీద, కిటికీ దొరికితే కిటికీ మీద దరువు వేస్తుంటాయి. ఎదురుగా కూర్చున్న నెల్లూరి అత్తరు వ్యాపారి, మస్తాన్ సాయిబు, కాసేపు విని తన రేకుపెట్టె మీద తనూ అందుకున్నాడు. ఇద్దరూ వేదాయపాళెం నుంచి మనుబోలు దాకా అలాగే వాయించారు. పై బల్ల మీద పడుకున్నాయన కూడా పాదం ఆడించాడు. ఆ కాస్త దూరం నా మనసు తేలికపడింది.

ఎక్కడికని సాయిబు అడిగితే తమ్ముడు ఏమీ దాచలేదు. మద్రాసు ఆసుపత్రి సంగతితో సహా చెప్పేశాడు. పై బల్ల మీది పాదం ఆగిపోయింది. సాయిబు మాత్రం పక్కకు జరగలేదు. గూడూరులో దిగబోతూ నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు.

"మా తమ్ముడికీ ఇదే జబ్బు సామీ. ఇంట్లోనే పెట్టి తలుపేసినాము, ఎవురికీ చెప్పలా. ఆ గదిలోనే పోయినాడు. మీరు ఇట్లా రైల్లో తీసుకపోతుండారే, అది చాలా పెద్ద పని."

నాయుడుపేటలో భోజనం బాగుంది. పొన్నిబియ్యపు అన్నం, మామిడికాయ పప్పు, అడిగినంత మజ్జిగ. ఒంటిగంటన్నర బస్సు చిట్టమూరు దాకా దుమ్ములో ఈదుకుంటూ పోయింది. అక్కడికి చెంచయ్య గారు బండి పంపారు. వరిపొలాలు పలచబడి, ఇసుక మొదలై, సరుగుడు తోపుల వెనక సముద్రం హోరు వినిపించేసరికి పొద్దు వాలుతోంది. రమణమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తమ్ముడు ఆమెనే చూస్తూ కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయాడు. ఆమె నవ్వు ఆపుకుంది. నేను చాలాకాలానికి చూసిన నవ్వు అది.

మర్నాడు సీతారాముల కల్యాణం అయింది, పానకం పంచారు. ఎండ చల్లబడ్డాక ఆట మొదలైంది. తమ్ముడి దగ్గరే నేర్చుకున్న పోలయ్య ఇప్పుడక్కడ గురువు. మధ్యన నిలబడి తాళాలు పట్టుకుని పాట ఎత్తాడు. ఊరంతా పందిరి చుట్టూ చేరింది. మొదట తమ్ముడి పక్కవాడు కోలను దూరంనుంచి తాకీ తాకనట్టు కొట్టాడు. రెండు చుట్లు తిరిగాక మామూలుగానే కొట్టాడు. పాట వేగం అందుకుంది. ఎవరు ఆసుపత్రికి వెళ్ళివచ్చారో, ఎవరు వెళ్ళలేదో కొత్తవాడు చెప్పలేడు. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా తాళ్ళు జడగా దిగివచ్చాయి. చెంచయ్య గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

తిరుగు అడుగులు మొదలయ్యాయి. జడ సగం విడింది. మలుపు దగ్గర పోలయ్య కేక వేయడం ఒక్క క్షణం ఆలస్యమైంది. కోలాటంలో అడుగు మార్చేముందు గురువు కేక వేయాలి, అది పద్ధతి. ఎన్నేళ్ళు గురువుగా ఉన్నాడో మా తమ్ముడు, కేక దానంతట అదే వచ్చేసింది వాడి గొంతులో. "హొయ్" అని పెద్దగా అరిచాడు.

పక్కవాడు తాడు వదిలేసి ఒక్క గెంతు గెంతాడు. వాడిని చూసి వాడి ముందువాడు. ఎవరో ఆడమనిషి, మళ్ళీ వచ్చిందమ్మో అంది. చూస్తుండగానే పందిరి ఖాళీ అయింది. పోలయ్య కూడా రెండడుగులు వెనక్కి వేశాడు, అది నేను మరిచిపోలేను. ఆ కేక ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వాడికి తెలియదా?

తమ్ముడు ఒక్కడే తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"పట్టుకోండన్నా, ఇంక కొంచెమే ఉండాది. విప్పేద్దాం, రండి," అని పిలిచాడు.

ఎవరూ రాలేదు. అప్పుడు వాడు తన అడుగులు తాను వేయడం మొదలుపెట్టాడు. లేని మనుషుల పక్కనుంచి తప్పుకుంటూ, లేని కోలలకు కోల అందిస్తూ తిరిగాడు. ఆ అడుగులన్నీ సరైనవే. కానీ అందరూ వదిలేసిన పందిట్లో ఒక్కడూ తిరుగుతుంటే చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను పరుగెత్తి ఒక తాడు పట్టుకున్నాను. నాకు కోలాటం రాదు. ఎటు తిరగాలో తెలియక వాడి ఎదురుగా ఊరికే నిలబడ్డాను. ఆ నిమిషంలో నేనూ పిచ్చివాడినే అయ్యుంటే బాగుండుననిపించింది. కాసేపటికి వాడు అలిసిపోయి ఆగాడు. ఆ తర్వాత ఎవరో కొడవలి తెచ్చి తాళ్ళు కోసేశారు.

తెల్లవారి బండి కట్టించారు. చెంచయ్య గారు తల ఎత్తలేదు.

"అల్లుడు అడుగు తప్పలా. నేను చూస్తానే ఉండా. కానీ ఈ ఊళ్ళో నేను బతకాల గదా నాయనా."

రమణమ్మ తలుపు వెనకనుంచి, ఆయన మాత్రలు మానకుండా చూసుకోండి బావగారూ అని మాత్రం అంది. బండి సరుగుడు తోపు మలుపు తిరిగేదాకా ఆ తలుపు మూసుకోలేదు. అంతకంటే ఆశ ఏమీ తెచ్చుకోలేకపోయాను.

నాయుడుపేటలో మధ్యాహ్నపు రైలు దొరికింది. ఆ ఊరికి వెళ్ళాలనుకునే వారికి దారి ఇదే. సముద్రం చూడముచ్చటగా ఉంటుంది. చెంచయ్య గారు పెట్టిన రొయ్యల కూరలాంటిది నేను మరెక్కడా తినలేదు. మనుషులు కూడా మర్యాదస్తులే, మంచినీళ్ళు అడిగితే మజ్జిగ ఇస్తారు. వాళ్ళను తిట్టుకుందామన్నా నాకు నోరు రాలేదు. మా వీధివాళ్ళు మాత్రం ఇంతకంటే ఏం చేశారు?

గూడూరు దాటాక తమ్ముడు అడిగాడు.

"అన్నా, నేను అడుగు తప్పినానా?"

"లేదురా."

"మరి వాళ్ళెందుకు వొదిలేసినారు?"

కిటికీ బయటికి చూశాను. కాసేపటికి వాడి వేళ్ళు కిటికీ చెక్క మీద దరువు మొదలుపెట్టాయి. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఎదుటి బల్ల మీద మనిషి పేపరు దించి వాడి చేతివంక చూశాడు. ఊరికే చూశాడు, అంతే. తమ్ముడు వేళ్ళు ముడిచి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. నెల్లూరు వచ్చేదాకా తీయలేదు.