నర్సమ్మ మార్చని రాత

పోయిన మంగళవారం హిందూపురం నుంచి ఫోనొచ్చింది. మా వీధికొచ్చే సర్కారు నర్సమ్మ, కూతురింట్లో గుండెపోటుతో పోయిందని.

ధర్మవరంలో మా నేతగాళ్ల వీధికి ఏండ్ల తరబడి ఆమే దిక్కు. ఎవరింటికొచ్చినా కూర్చోకముందే మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత చూపించమనేది. వానలకు అందులో ఊరిన నీళ్ల మీద టార్చి వేసి, "దోమల్ని మేపుతాండారా అబ్బా?" అనేది.

డెంగీ వచ్చిన ఏడు, నా కూతురికి నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయి అయిదో రోజు చల్లబడింది. మేం సంబరపడ్డాం. నర్సమ్మ వచ్చి నాడి చూసింది. బీపీ పట్టీ కాసేపు బిగించి తీస్తే పాప చేతి మీద ఎర్రటి చుక్కలు లేచాయి.

"కడుపు నొస్తాండాదా పాపా?" అని అడిగి, నా వైపు తిరిగింది. "జ్వరం దిగినాకనే భయమప్పా. నొప్పి మాత్రలు వేయొద్దు. ఇప్పుడే పుట్టపర్తి పెద్దాసుపత్రికి పో."

పోయినాం. అక్కడ సెలైన్ ఎక్కించి, గంటగంటకూ బీపీ చూసి బతికించారు.

ఎదురింటి పాప బతకలేదు. చిగుళ్ల నుంచి రక్తం కారేదాకా ఆసుపత్రికి తీసుకుపోలేదు. నర్సమ్మ రిజిస్టర్లో జ్వరం మొదలైన రోజు, రక్తం, పరీక్షలో తేలిన డెంగీ, అన్నీ రాసింది. పైఆఫీసరొకాయన వచ్చి 'మామూలు జ్వరం' అని మార్చమన్నాడు. లెక్కల్లో డెంగీ చావు కనపడకూడదంట.

"రాయని జ్వరం ఇంకో ఇంటికి పోతాది సార్" అందామె. మార్చలేదు.

తప్పుడు రాతలని ఆమె మీదే విచారణ పెట్టారు. వీధిలో వాళ్లను పిలిచి, డెంగీ వచ్చింది నిజమేనా అని అడిగారు. నేను బడిపంతుల్ని. ఉద్యోగానికి ఏమొస్తుందోనని, "నాకు తెలీదు సార్" అన్నాను. రిజిస్టర్లో ఎదురింటి పాప పేరున్న పేజీలోనే నా కూతురి పేరూ ఉంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఆమెను సోమందేపల్లి వైపు బదిలీ చేశారు. తర్వాత వచ్చినవాళ్లు మామూలు జ్వరమనే రాశారు. దాంతో దోమల మందు బండి మా వీధికి రాలేదు. ఇంకో మూడిళ్లలో పిల్లలు మంచాన పడ్డారు.

వెళ్లే రోజు బస్టాండులో నన్ను చూసి, "పాప అన్నం బాగా తింటాండాదా?" అంది. అంతే, బస్సెక్కింది. తిట్టినా బాగుండేది.

శవాన్ని ధర్మవరంలోని ఆమె ఇంటికి తెచ్చారు. ఆ ఆఫీసరూ వచ్చాడు. శవం మీద బంతిపూల దండ వేసి, ఫోటోకు నిలబడి, నిజాయితీ గల మనిషి అని పొగిడాడు. నేనే లేచి ఆయనకు కుర్చీ వేశాను.

ఎదురింటి పాప తల్లి లేచి, ఆ దండ తీసి గోడ మీద పెట్టి, మళ్లీ వచ్చి శవం పక్కన కూర్చుంది. పక్కింటి మేక గోడకు ముందరికాళ్లు ఆనించి, ఆ బంతిపూలు ఒక్కొక్కటే తెంపుకుని తింటూ నిలబడింది.