జంపక్క మీద వేసిన నింద

ములకలపల్లి చుట్టుపక్కల మిర్చి ఏరడం మొదలైందంటే లాలు ట్రాక్టర్‌కు తీరిక ఉండదు. పొద్దున్నే అడవి అంచు గూడెం దగ్గర ఆపి, జంపక్క నడిపే కూలి ముఠాలోని ఆడవాళ్లను ట్రాలీలో ఎక్కించుకుని, వాగు దాటించి వెంకటేశ్వరరావు తోటలో దింపుతాడు. ఎంత బురదలో దిగబడ్డ బండినైనా బయటికి లాగే మొనగాడని తండాలో అతనికి పేరు.

ఒక పొద్దున వాగు మీది వంతెన సగానికి వచ్చేసరికి లాలుకు గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు. ప్రాణం పోతోందనిపించింది. బండి ఆపి కిందికి దూకి, పిట్టగోడ పట్టుకుని కూలబడ్డాడు. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు. జంపక్క దిగివచ్చి లారీవాణ్ణి కసిరింది. లాలుకు నీళ్లు తాగించి వీపు నిమిరింది.

కాసేపటికి అంతా సర్దుకుంది. ఒంటి మీద గీత కూడా లేదు. కాలు విరిగితే చూపించుకోవచ్చు, దీన్ని ఏమని చూపించాలి? అంతమంది ఆడవాళ్ల ముందు అట్లా కూలబడటం తలుచుకుంటే తల ఎత్తబుద్ధి కాలేదు.

తోట దగ్గర వెంకటేశ్వరరావు గద్దించాడు. "వంతెన మీద బండి ఆపినవంట. తాగినవా రా?"

"లేదు సారూ. జంపక్క ఒక్కసారే కేకేసింది. ఎవరో పడ్డరనుకుని బ్రేక్ కొట్టిన. ట్రాలీల ఒకటే లొల్లి వాళ్లది."

నోటికొచ్చిన అబద్ధం. అక్కడితో పోతుందనుకున్నాడు. మర్నాడే ఆసామి జంపక్క ముఠాను మాన్పించి వేరే ఊరి ముఠాను పిలిపించాడు.

లాలు గూడెం దారి మానేశాడు. వంతెన తలుచుకుంటేనే అరచేతులకు చెమటలు పట్టేవి. ఖమ్మంలో పరీక్షలు చేయిస్తే గుండె బాగానే ఉందన్నారు, మనసు డాక్టర్‌కు చూపించుకోమన్నారు.

"నాకేమన్న పిచ్చా?" అని ఇంట్లో ఎగిరిపడ్డాడు.

"పిచ్చని ఎవరన్నరు?" అంది భార్య మంగ్లి. "మా తుల్సీరాం వాగుల కొట్టుకపోతే పీనుగును తెచ్చినోడివి నువ్వే. తమ్ముడని నేను ఏడ్చిన. నువ్వు ఏడ్వలేదు. గప్పటిసంది నిద్ర పోతలేవు."

మంగ్లే అతన్ని కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోయింది. తెలిసినవాళ్లు చూస్తారేమోనని లాలు మొహానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. డాక్టర్ మందులు రాశాడు. కౌన్సెలర్ ఉషారాణి చెప్పిందంతా విని, ఇలాంటి భయం చాలామందికి వస్తుందనీ, పిరికితనం కాదనీ, మందుతోనూ మాటతోనూ తగ్గుతుందనీ చెప్పింది. మళ్లీ దడ వస్తే మాట్లాడమని ఉచిత ఫోన్ నంబరూ ఇచ్చింది. వంతెన సంగతి ఆ రోజే చెప్పాడు. జంపక్క సంగతి చెప్పడానికి మాత్రం మళ్లీ వెళ్లేదాకా నోరు రాలేదు.

"ఆమెకు తెలుసా?" అని ఉషారాణి అడిగింది. లాలు ఇంటికి పోకుండా నేరుగా జంపక్క దగ్గరికి బయల్దేరాడు.

గూడెం వెళ్లేసరికి జంపక్క ఇప్పపువ్వు ఆరబోస్తోంది.

"అక్కా, నువ్వు కేకేసినవని సారుకు చెప్పింది నేనే."

"తెల్సు. ఆయనే మా మొహం మీద అన్నడు." ఆమె చెయ్యి ఆపలేదు. "నీ వీపు నిమిరిన నాడే తప్పు నా మీద పెట్టినవ్. గదే నాకు బాధ."

"భయం జబ్బక్కా నాది. మందులు వాడుతున్న. సిగ్గయి అట్ల అన్న."

"జబ్బొస్తే వచ్చింది, దానికి సిగ్గేంది? మా ముఠాకు పనిపోయింది గద. సారుకు చెప్పినవా?"

"ఇంక చెప్పలే."

"చెప్పు మరి. అందరిముందర చెప్పు."

మర్నాడు మిర్చి ఆరబోసిన కళ్లంలో, కూలీలంతా వింటుండగా లాలు జరిగిందంతా చెప్పాడు. మాట తడబడింది. "భయమా? నీకా?" అని వెంకటేశ్వరరావు నవ్వాడు. ఇంకెవరో కూడా నవ్వారు. లాలు చెవులు మండిపోయాయి. అయినా పోకుండా నిలబడి, "ఆమె కేకెయ్యలేదు సారూ. అబద్ధమాడింది నేను" అని మళ్లీ చెప్పాడు. ఆసామి నవ్వు ఆపాడు.

చివరి కోతకు జంపక్క ముఠానే పిలిచారు. లాలు వంతెన మీద నెమ్మదిగా, నోటితో ఊపిరి వదులుతూ బండి నడిపాడు. వెనక ట్రాలీలో ఆడవాళ్లు ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. జంపక్క మాత్రం ఆ కోత అయిపోయేదాకా అతనితో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఎందుకని లాలు అడగలేదు.