జూమ్ లేని లెన్సు

ప్రొద్దుటూరు బస్టాండులో నా పిల్లలిద్దరి ఫోటో తీసి కెమెరా దించగానే, వాళ్ల వెనక బెంచీ మీది మనిషి లేచి నా వైపు వచ్చాడు. అవి ఎన్నికల రోజులు.

"కెమెరా ఈడియ్యమ్మా. ఎదుటి పార్టీవోళ్లు ఎతుకుతాండారు, నేనీడ ఉండానని తెలిస్తే నన్ను బతకనిస్తారా?"

"పిల్లల ఫోటో అన్నా," అన్నాను. తెర మీద పిల్లలంత స్పష్టంగా అతనూ ఉన్నాడు. దగ్గరా దూరం అన్నీ తీస్తుందని కెమెరాతో వచ్చిన జూమ్ లెన్సే చాలనుకున్నాను.

పక్కన కూర్చున్న బుర్ఖా ఆమె తన సంచిలోంచి పొట్టి లెన్సు తీసింది.

"ఆగన్నా, ఆయమ్మను బెదిరించొద్దు. పెండ్లిండ్లలో ఆడోళ్ల ఫోటోలు దీంతోనే తీస్తా. దీనికి జూమ్ లేదు, మనమే దగ్గరికి పోవాల. ఎనకాలంతా మసకైపోతాది, ఆడుండేటోళ్లు గుర్తుపట్టేటట్ల పడరు."

పాత ఫోటో చెరిపేసి, ఆ లెన్సు నా కెమెరాకు బిగించింది. అతన్ని బెంచీ మీదికి పంపి, పిల్లల ముందు మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ తీసింది.

"సూడు, నువ్వు యాడుండావో నువ్వే చెప్పు."

అతను చాలాసేపు వెతుక్కున్నాడు.

"పొగ మాదిరుండా కదమ్మా," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆమె లెన్సు విప్పుకుని పులివెందుల బస్సెక్కింది. ఆమె పేరైనా నేను అడగలేదు.

మర్నాడు పొద్దున పిల్లలు ఫోటో చూసి, తమ వెనక ఆ మసక ఏమిటని అడిగారు. గోడ అని చెప్పాను.