గంటాయన కుర్చీలు

మా పుట్టింట్లో ఏ వస్తువు కనబడకపోయినా ఒకటే మాట. "గంటాయన పట్టుకుపోయుంటాడు." దువ్వెన కనబడకపోయినా అదే, తాళంచెవి కనబడకపోయినా అదే, పులుసులో చేపముక్క కనబడకపోయినా అదే. పెళ్ళయ్యాక ఆ మాటను నాతో కాపురానికి తెచ్చుకున్నాను. మా ఆయనకూ అంటుకుంది. ఆ రోజు పొద్దున మిద్దె మీద ఇనుప బ్రష్షు కోసం వెతుకుతూ నేను అన్నదీ ఆ మాటే. బ్రష్షు మా ఆయన తొడ కిందే ఉంది.

గంటాయన అంటే గూడూరులో మా చర్చికి గంట కొట్టి, నేల ఊడ్చి, బెంచీలు తుడిచే మనిషి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు చర్చిలో నాలుగు ఇనుప కుర్చీలు పోయాయి. తాళాలు ఆయన దగ్గరే ఉండేవి కాబట్టి దొంగతనం ఆయన నెత్తిన పడింది. పనిలోంచి తీసేశారు. చర్చి ఆవరణలో ఆయన కుటుంబం ఉండే గది ఖాళీ చేయించారు. భార్యనూ చంటిబిడ్డనూ వెంటబెట్టుకుని ఊరొదిలి వెళ్ళిపోయాడు. అలా తీర్మానించిన సంఘ పెద్దల్లో మా నాయన ఒకరు. ఇంత కథనూ మేము ఒక్క మాటగా కుదించుకుని యాభై ఏళ్ళు నవ్వుకున్నాం.

ఇక మా కుర్చీల సంగతి. నాయన పోయాక ఇంట్లో సామాన్లు పంచుకున్నప్పుడు అక్క బీరువా తీసుకుంది. నేను వరండాలోని నాలుగు ఇనుప కుర్చీలు అడిగితే అందరూ నవ్వారు. నవారు అల్లిన ఆకుపచ్చ కుర్చీలు. వాటికి మొదటిసారి ఆ ఆకుపచ్చ వేసింది నేనే. ఓ ఎండాకాలం మధ్యాహ్నం నాయన పెయింటు డబ్బా తెచ్చి, "పాత కుర్చీలు కొన్నా, రా, ఇద్దరం రంగేద్దాం" అన్నారు. ఏ వస్తువూ ముట్టుకోనివ్వని మనిషి. ఆ రోజు నా చేతికి బ్రష్షు ఇచ్చారు. చివర నా వేళ్ళకంటిన రంగును కిరోసిన్ గుడ్డతో ఒక్కొక్క వేలూ పట్టుకుని తుడిచారు. మా నాయన నాకు మాత్రమే దొరికిన రోజు జీవితంలో అదొక్కటే. అందుకే అడిగాను ఆ కుర్చీలు.

మేం ఉండేది మైపాడులో. సముద్రపు గాలి ఇక్కడ ఇనుమును బతకనివ్వదు. ప్రతి రెండేళ్ళకూ పాత రంగు మీదే కొత్త రంగు పూస్తూ నెట్టుకొచ్చాను. గీకడానికి మనసొప్పేది కాదు, అడుగున ఉన్నది మేమిద్దరం వేసిన రంగు కదా. మొన్న ఒక కుర్చీ కాలు విరిగి మా ఆయన టీ గ్లాసుతో సహా కింద పడ్డారు. "మీ నాయన మీద ప్రేమకు నా నడుము బలి" అని రెండు రోజులు సాధించారు. ఇక తప్పలేదు. నవారు విప్పి సర్ఫు నీళ్ళలో నానబెట్టి, ఉప్పు కాగితమూ ఇనుప బ్రష్షూ పట్టుకుని కూర్చున్నాను.

ఆకుపచ్చ పొరలు పెచ్చులు పెచ్చులుగా లేచాయి. వాటి కింద నలుపు వచ్చింది. నవారు చుట్టే ముందువైపు కడ్డీ మీద వేలికి చిన్న చిన్న గుంటలు తగిలాయి. తుప్పేమో అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను. గుంటలు వరసగా ఉన్నాయి. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టినట్టు, చుక్క చుక్కగా కొట్టిన అక్షరాలు. గుడ్డ తడిపి తుడిచాను.

"మందిరము 11."

నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయనుకున్నాను. రెండో కుర్చీ లాక్కున్నాను. పన్నెండు. మూడోది పదమూడు. నాలుగోది గీకేసరికి నా గోళ్ళ నిండా రక్తమూ రంగూ కలిసిపోయాయి. పద్నాలుగు. చర్చిలో పోయిన నాలుగు కుర్చీలూ నా ముందున్నాయి. వాటి మీద కూర్చునే నేను గంటాయన దొంగతనం గురించి జోకులు వేశాను. లేచి వెళ్ళి పిట్టగోడ దగ్గర వాంతి చేసుకున్నాను.

మా ఆయన వచ్చి కుర్చీలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. తర్వాత, "పొరపాటు జరిగుంటుందే" అన్నారు. నేనూ ఆ మాటనే పట్టుకున్నాను. అదే ఏడు మా అవ్వ పోయింది. ఇంట్లో ఆదరణ కూటం, అంటే ఓదార్పు ప్రార్థన, పెడితే కుర్చీలు చర్చి నుంచే వచ్చాయి. నాలుగు మా ఇంట్లో ఉండిపోయుంటాయి. నాయన కొన్నానన్నవి వేరే కుర్చీలై ఉంటాయి, అవీ ఇవీ కలిసిపోయుంటాయి. లెక్క కుదరడం లేదని తెలుస్తూనే ఉంది. అయినా నాయనకు తెలియదు అన్నచోట ఆగిపోయాను.

గంటాయన బతికే ఉన్నాడు. విడవలూరులో కూతురి దగ్గర ఉంటున్నాడని నాకు తెలుసు. నాయన భూస్థాపనకు వచ్చి, దూరంగా నిలబడి, నాతో రెండు మాటలు మాట్లాడి వెళ్ళాడు. అప్పుడు నేను చేసిన పని ఒకటుంది. ఆయన దగ్గరకు రాగానే నా హ్యాండ్‌బ్యాగును ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాను. ఆయన అది చూశాడు.

"పోయినోళ్ళ సంగతి ఇప్పుడెందుకే" అని మా ఆయన అంటూనే ఉన్నారు. పదకొండో నంబరు కుర్చీని ఆటోలో వేసుకుని వెళ్ళాను.

ఎనభై దాటిన మనిషి. వేపచెట్టు నీడన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు సరిగా ఆనదు. నేనెవరో చెప్పి, కుర్చీ ముందు పెట్టాను. బొటనవేలితో కడ్డీ తడిమాడు.

"పదకొండు" అన్నాడు.

నేను గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. పొరపాటున మా ఇంట్లో ఉండిపోయాయి మామా, మా నాయనకు తెలియదు, తెలిస్తే అలా జరగనిచ్చేవారు కాదు, మా అందరి తరఫునా క్షమించమని అడగడానికి వచ్చాను. ఆయన అంతా విన్నాడు.

"మీ నాయనకు తెలవదని నీకెవురు చెప్పినారు పాపా?"

నేను కుర్చీని నా వైపు లాక్కున్నాను.

"ఆ కుర్చీలు నెత్తిన పెట్టుకోని మీ ఇంటికి మోసింది నేనే. కుర్చీలు పోయినాయని చర్చిలో కూటం పెడితే మీ నాయన లేచి, 'మా ఇంటికొచ్చినవన్నీ తిరిగి పంపించేసినా, దేవుని సాక్షి' అన్నాడు. అబద్ధం గాదులే, ఆయనకప్పుడు తెలవదు. నేను మీ ఇంటెనక వడ్ల గదిలో చూసినా. పోయి ఆయనకే చెప్పినా. 'గమ్మునుండు, ఎల్లుండి నేనే అప్పజెప్తా' అన్నాడు. దేవుని సాక్షి అనేసినాడు గదా, ఆ మాట ఎట్ట ఎనక్కి తీసుకుంటాడు."

"మరి మీరు..."

"ఆయన చెప్పిన ఎల్లుండికి పోయినా. గేటు కాడ నిలబడినా. కుర్చీలు పచ్చగా ఉండాయి, తడి ఆరలా. నువ్వు నా కాడికి పరిగెత్తుకోనొచ్చి చేతులు చూపించినావు. 'చూడు మామా, నేనే ఏసినా' అన్నావు. గ్యాపకం లేదా?"

ఉంది. ఆ క్షణం దాకా లేదు, ఆయన అనగానే వచ్చింది. గేటు దగ్గర మనిషి, భుజాన తువ్వాలు. నా వెనక నాయన, ఉన్నట్టుండి కదలకుండా అయిపోయిన నాయన. ఆ మనిషి వెళ్ళిపోయాకే నాయన కిరోసిన్ గుడ్డ తెచ్చి నా వేళ్ళు తుడిచారు. ఒక్కొక్క వేలూ.

"తువ్వాలతో ఒక్క తుడుపు తుడిస్తే అక్షరాలు బయటపడేవి. ఇంటి ముందు జనం గూడా ఉండారు. నువ్వు అంత సంతోషంగా ఉంటే చెయ్యి రాలా. రంగు ఆరినాక నా మాట ఎవురు నమ్ముతారు." కడ్డీ మీంచి వేలు తీసి, "మంచోణ్ణని అనుకోబాక. మీ నాయన్ని తిట్టుకోని రోజు లేదు. భూస్థాపనకు గూడా నిజంగా పోయినాడా లేదా అని చూసుకునేదానికే వచ్చినా" అన్నాడు.

నేను ఏడ్చాను. నాయన మీద కోపంతో ఏడ్చాను, నాయన చేతుల స్పర్శ ఇంకా నా వేళ్ళ మీద ఉన్నందుకు మరీ ఏడ్చాను. నేనేం చెయ్యాలో చెప్పమన్నాను.

"గూడూరు చర్చిలో చెప్పు. అందురూ ఉండంగా చెప్పు. నా పేరు పెట్టి చెప్పు."

అప్పుడు తెలిసింది నాకు, ఆయన పేరు నాకు తెలియదని. యాభై ఏళ్ళుగా రోజూ తలుచుకున్న మనిషి పేరు. తల దించుకుని అడిగాను. చెప్పాడు.

సంగతి తెలిసి అక్క ఫోన్ చేసి, "నాయన పరువు తీస్తావా మే" అని అరిచింది. ఆ ఆదివారం గూడూరు చర్చిలో, విశ్వాసులు లేచి తమ సంగతులు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో, నేనూ లేచి నిలబడ్డాను. నాలుగు కుర్చీలూ బలిపీఠం ముందు పెట్టించాను. రంగు వెయ్యలేదు, అక్షరాలు అందరికీ కనబడేలా. దేవుని సాక్షి అని మా నాయన అన్నచోటే నిలబడి గంటాయన అసలు పేరు చెప్పాను. నాయన పేరూ చెప్పాను. కూతురు చెయ్యి పట్టుకుని వచ్చిన ఆయన వెనక బెంచీలో కూర్చుని విన్నాడు. ముందుకు వచ్చి కుర్చీలో కూర్చోమని పాస్టరుగారు పిలిస్తే, వద్దని చెయ్యి ఊపాడు.

ఇప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ఎవరం ఏమీ అనం. వెతుక్కుంటాం.